ఇరవై నిమిషాలకే చైన్ సా మిషన్ ఆగిపోతోంది, చెట్ల పనిలో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి

తాడెక్కినోడు
మాది నకిరేకల్ పక్కన పల్లె. ఇంగ్లండ్ వచ్చి మూడో ఏడు. మా ఆవిడ ఇక్కడ నర్సు, నేను డిపెండెంట్ వీసా మీద వచ్చాను. మొదట గోడౌన్‌లో డబ్బాలు మోశాను. ఏడాదిన్నరగా చెట్ల పని. దీన్ని ఇక్కడ ట్రీ సర్జన్ అంటారు. ఊళ్లో చెబితే "చెట్లకు ఆపరేషన్ చేస్తవా?" అని నవ్వారు, అది వేరే ముచ్చట.

ఇప్పుడు నా బాధ ఏంటంటే, చెట్టు మీదికి తీసుకెళ్లే చిన్న చైన్ సా, అంటే పెట్రోల్ రంపం ఉంటుంది, పిడి పైన ఉండే రకం. పొద్దున రెండు గుంజులకే స్టార్ట్ అవుతుంది. ఇరవై నిమిషాలు బ్రహ్మాండంగా కోస్తుంది. ఆ తర్వాత రేజ్ ఇస్తే గొంతు పట్టినట్టు మూలిగి ఆగిపోతుంది. ఎంత గుంజినా అందుకోదు. కిందికి దించి, పావుగంట పక్కన పెట్టి, టీ తాగి వస్తే మళ్లీ ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. నలభై అడుగుల ఎత్తులో తాడుకు వేలాడుతూ దాన్ని గుంజడం ఎలా ఉంటుందో ఎక్కినోళ్లకే తెలుస్తుంది.

ప్లగ్ మార్చాను, ఎయిర్ ఫిల్టర్ కడిగాను. మా టీమ్ లీడర్ "నీ చేతిలోనే ఎందుకు ఆగుతుంది, కింద పడేశావా" అంటున్నాడు. వచ్చే నెల నుంచి సొంత మిషన్ తెచ్చుకుంటే మంచిదని ఓనరు సన్నాయి నొక్కులు నొక్కుతున్నాడు. బాగు చేయించాలా, కొనాలా?

స్పార్క్‌ప్లగ్
ఇగ్నిషన్ కాయిల్, ప్లగ్‌కు కరెంటు ఇచ్చేది. వేడెక్కితే లోపల తీగ విడిపోతుంది, చల్లారితే అతుక్కుంటుంది. నువ్వు చెప్పిన లక్షణాలన్నీ అవే. కాయిల్ మార్చు, ముచ్చట అయిపోతుంది.

పాలమూరోడు
సర్జన్ గారి కత్తికే జబ్బు చేసిందన్నమాట. మా మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చెట్టుకు సెలైన్ ఎక్కించినట్టు దానికీ ఓ సీసా వేలాడదీయి.

అచ్చంపేట అడవి
పాలమూరోడా, అది నవ్వే సంగతి కాదు. 2017 డిసెంబర్‌లో పిల్లలమర్రి కొమ్మ విరిగాక జనాన్ని లోపలికి రానివ్వడం ఆపేశారు. చెద లోపలికంటా తినేసింది. 2018లో క్లోరిపైరిఫాస్ కలిపిన నీళ్లు సెలైన్ సీసాల్లో పోసి కొమ్మలకు సూదులతో ఎక్కించారు. వాలిన కొమ్మల కింద దిమ్మెలు కట్టారు. మన జిల్లాలో అసలు ట్రీ సర్జన్ పని జరిగిందంటే అదే.

పాలమూరోడు
సరే సారూ. నా జోకు వాపసు.

వనపర్తి టు జర్మనీ
నేను కూడా ఇదే పనిలో ఉన్నాను, దక్షిణ జర్మనీలో. ఒక మాట అడుగుతా. మిషన్ మీద చలికాలం, ఎండాకాలం మార్చే చిన్న తలుపు లాంటిది ఉందా? సున్నా డిగ్రీల దగ్గర తేమ ఉంటే కార్బొరేటర్‌లో మంచు పడుతుంది. అందుకని చలికాలంలో ఇంజిన్ వేడిగాలిని లోపలికి పంపేలా తిప్పి పెడతాం. ఎండలు వచ్చాక మళ్లీ తిప్పడం మరిచిపోతే ఇంజిన్ ఉడికిపోతుంది. పోయిన ఏడాది మే నెలలో నేనే మరిచిపోయి రెండు రోజులు దాన్ని తిట్టుకున్నా.

తాడెక్కినోడు
చూశానన్నా. నాది ఎండాకాలం గుర్తు మీదే ఉంది. స్పార్క్‌ప్లగ్ అన్నా, కాయిల్ ధర చూశాను, గుండె ఆగింది. అది కాకపోతే డబ్బులు నీళ్లలో పోసినట్టే కదా?

స్పార్క్‌ప్లగ్
ఆగిన వెంటనే ప్లగ్ ఊడదీసి నిప్పురవ్వ వస్తుందో లేదో టెస్టర్ పెట్టి చూడు. రాకపోతే కాయిల్. వస్తే నేను తప్పు. కానీ తప్పు కాదు.

కల్వకుర్తి కంది
ఇవన్నీ ఎందుకు తమ్మీ, సొంతం కొనుక్కో. ఎవడి మిషనో వాడితే ఎవడో ఎట్లా వాడాడో తెలియదు. మా బావమరిది న్యూజిలాండ్‌లో ఇదే పని. సొంత మిషన్, సొంత తాళ్లు, రోజు కూలీ మీద వెళ్తాడు. మస్తు సంపాదిస్తున్నాడు.

సూర్యాపేట సౌత్‌హాల్
ఆగండాగండి. తాడెక్కినోడు రోజు కూలీ మీద వెళ్తున్నాడా, జీతం మీద ఉన్నాడా? జీతం మీద ఉంటే మిషన్ బాగు చేయించాల్సింది ఓనరు. ఇక్కడ 1998 నాటి పనిముట్ల నిబంధనలు ఉన్నాయి, ప్యూవర్ అంటారు. పనికి ఇచ్చే సామాను సరిగ్గా ఉంచే బాధ్యత యజమానిదే. హెల్మెట్, కోత పడని ప్యాంటు లాంటివాటికి జీతంలో కోత పెట్టడం కూడా కుదరదు, 1974 చట్టమే చెబుతోంది.

తాడెక్కినోడు
జీతం మీదే అన్నా. ప్యాంటుకు మాత్రం మొదటి నెల కోసుకున్నారు. నాకు అప్పుడు తెలియదు.

సూర్యాపేట సౌత్‌హాల్
పే స్లిప్ తీసి పెట్టుకో. ముందు మర్యాదగా అడుగు. మనోళ్లు వచ్చిన కొత్తలో నోరు తెరవరు, దాన్నే వాళ్లు వాడుకుంటారు.

కల్వకుర్తి కంది
చట్టం మాట్లాడితే ఉద్యోగం ఉంటుందా?

సూర్యాపేట సౌత్‌హాల్
భార్య వీసా మీద ఉన్నాడు, ఓనరు వీసా మీద కాదు. భయం ఎందుకు?

మిర్యాలగూడ మెకానిక్
నేను ఆ మిషన్‌ను ఎప్పుడూ చూడలేదు. లూనాలు, టీవీఎస్ 50లు బాగు చేసి బతికినోణ్ణి, ఇప్పుడు పొలం పంపులు చూస్తున్నా. టూ స్ట్రోక్ ఎక్కడైనా టూ స్ట్రోకే. కాయిల్ కొనేముందు మూడు సంగతులు చెప్పు తమ్మీ.

ట్యాంకు నిండా పోస్తే తొందరగా ఆగుతుందా, సగమే పోస్తే ఎక్కువసేపు నడుస్తుందా? ఆగిన తర్వాత పెట్రోల్ పోద్దామని మూత తీస్తే వెంటనే స్టార్ట్ అయిన సందర్భం ఉందా? మూత తిప్పేటప్పుడు "సుయ్" మని గాలి పీల్చిన చప్పుడు వస్తుందా?

తాడెక్కినోడు
అన్నా, చేతబడి చేసినట్టు చెప్పావు! నిండా పోసిన రోజే ముందు ఆగుతుంది. మొన్న కొంచెమే పోసి ఎక్కాను, ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిచింది. బరువు తక్కువ ఉండి మిషన్‌కు హాయిగా ఉందేమో అనుకున్నా. చప్పుడు ఎప్పుడూ గమనించలేదు, చెవులకు మఫ్‌లు ఉంటాయి కదా.

మిర్యాలగూడ మెకానిక్
అయితే వేడి కాదు. ట్యాంకులోంచి పెట్రోల్ బయటికి పోయినకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. దానికి సన్నటి దారి ఉంటుంది, వెంట్ అంటారు. అది పూడిపోతే లోపల గాలి పలచబడి ట్యాంకే పెట్రోల్‌ను పట్టుకుని వదలదు, కార్బొరేటర్‌కు అందదు. నూనె డబ్బాకు ఒకే బొక్క కొట్టి వంచి చూడు, గుటుక్ గుటుక్ మని ఆగి ఆగి పడుతుంది. రెండో బొక్క కొడితే ధార కడుతుంది. అంతే సంగతి.

నిండా పోస్తే ముందే ఎందుకు ఆగుతుందంటే, పైన గాలి ఉండేది కొంచెమే. కొద్దిగా పెట్రోల్ పోయేసరికే గుంజుడు ఎక్కువవుతుంది. పావుగంట పక్కన పెడితే పూడిన సందులోంచే మెల్లగా గాలి చొరబడుతుంది. అందరూ చల్లారింది కాబట్టి నడుస్తోంది అనుకుంటారు. పాత లూనాలకు మూత మీద ఉండే చిల్లిలో దుమ్ము పడి సరిగ్గా ఇట్లాగే చేసేవి. జనం బండిని తోసుకుంటూ షాపుకు వచ్చేవాళ్లు, నేను గుండుసూదితో పొడిచి పంపేవాణ్ణి. దానికి డబ్బులు అడగడానికి సిగ్గేసేది.

స్పార్క్‌ప్లగ్
కాయిల్ కూడా అయ్యుండొచ్చు కదా. రెండూ ఒకేసారి ఉండకూడదని రూలు ఏమన్నా ఉందా?

మిర్యాలగూడ మెకానిక్
ఉండొచ్చు. కానీ మూత తిప్పడానికి పైసా ఖర్చు లేదు. ముందు ఖర్చు లేనిది చూడు.

వనపర్తి టు జర్మనీ
జాగ్రత్త ఒకటి. వేడి మీద ఉన్న ట్యాంకు కొన్నిసార్లు లోపలికి పీల్చకుండా బయటికి చిమ్ముతుంది. చెట్టు మీద తిప్పకు. కిందికి దిగి, ఇంజిన్ ఆపి, మూత నీ మొహానికి దూరంగా పెట్టి మెల్లగా తిప్పు. పక్కన సిగరెట్ తాగేవాడు లేకుండా చూసుకో.

తాడెక్కినోడు
సోమవారం పనికెళ్లాక చూసి చెప్తా. ఈ రెండు రోజులు సెలవు. ఈలోపు ఇంకో సంగతి. మా తమ్ముడు నా ఫొటోలు చూసి తానూ వస్తానంటున్నాడు. ఇక్కడికి దారి లేదు, ఒక ఏజెంటు అబుదాబి దగ్గర ఖర్జూర తోటల్లో పని ఉందని లక్షా ఇరవై వేలు అడిగాడట. తమ్ముడు తొమ్మిది దాకా చదివాడు. మా నాయినతో కల్లుకు తాటిచెట్లు గీశాడు, ఎక్కడం బాగా వచ్చు. పంపొచ్చా?

హాలియా అక్క
నేను చెప్తా. మా ఆయన యూఏఈలోని అల్ ఐన్‌లో అయిదేళ్లుగా ఖర్జూర చెట్ల పనే చేస్తున్నాడు. మొదటిసారి ఒక ఏజెంటు మాట నమ్మి విజిట్ వీసా మీద వెళ్లాడు. అక్కడ చెప్పిన పని లేదు, జీతం లేదు, రెండు నెలలు ఒక గదిలో పన్నెండు మందితో ఉండి తిరిగొచ్చాడు. బంగారం కుదువ పెట్టి ఇచ్చిన డబ్బు అది. రెండోసారి సరైన కాగితాలతో వెళ్లాక బాగుంది.

నీ తమ్ముడు పదో తరగతి పాస్ కాలేదు కాబట్టి పాస్‌పోర్టు ఈసీఆర్ కింద వస్తుంది. యూఏఈకి ఉద్యోగం మీద వెళ్లాలంటే కేంద్ర ప్రభుత్వ ఇ-మైగ్రేట్ సైట్‌లో క్లియరెన్స్ ఉండాలి. ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఆ సైట్‌లోనే చూసుకోవచ్చు. రిజిస్టర్ అయిన ఏజెంటు తీసుకోవాల్సిన సర్వీస్ చార్జి 30,000, దాని మీద జీఎస్టీ. లక్షా ఇరవై అన్నాడంటేనే అర్థం చేసుకోండి.

కల్వకుర్తి కంది
కాగితం మీద ముప్పై వేలు అక్కా. ఆ ముప్పై వేలకు పంపేవాణ్ణి నాకు ఒక్కణ్ణి చూపించు.

హాలియా అక్క
మా ఆయన్ను రెండోసారి పంపింది అంతకే. రసీదు ఉంది నా దగ్గర. అడిగితే ఇస్తారు, అడగకపోతే ఎంతైనా గుంజుతారు. మన రాష్ట్ర ప్రభుత్వానిదే విదేశీ ఉద్యోగాల సంస్థ టామ్‌కామ్ ఉంది, అక్కడ పేరు రాయించినా తప్పు లేదు. బీమా మాత్రం మరవకండి, ప్రవాసీ భారతీయ బీమా యోజన. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోతే పది లక్షలు. చెట్లెక్కేవాడి ఇంట్లో ఆ కాగితం ఎక్కడుందో ఆడవాళ్లకు తెలిసి ఉండాలి.

తాడెక్కినోడు
అక్కా, పని ఎట్లా ఉంటుంది అక్కడ? మిషన్లేనా?

హాలియా అక్క
ఎక్కువ చేతి పనే. వంకీ కత్తి, చేతి రంపం. ఎక్కడానికి హాబూల్ అని ఒక తాడు పట్టా ఉంటుంది. చెట్టు చుట్టూ, తమ నడుము చుట్టూ వేసుకుని వెనక్కి వాలి, పైకి విసురుకుంటూ ఎక్కుతారు. వీడియో కాల్‌లో చూసి మా మామ "ఇది మన మోకే కదరా, అరబ్బులకు ఎవరు నేర్పారు" అన్నాడు.

ఫిబ్రవరి, మార్చిలో పోతు చెట్టు పూత తెచ్చి పెంటి చెట్టు గెలలో చేత్తో పెట్టి కడతారు. కట్టకపోతే కాయలు సరిగా రావు. ఆకు మట్టల మొదట్లో ముళ్లు వేలంత పొడవు ఉంటాయి. మా ఆయన అరచేతిలో ముల్లు విరిగి ఉండిపోయి చెయ్యి రొట్టెలా వాచింది. తోలు గ్లౌజులు రెండు జతలు ఇక్కడి నుంచే పంపుతున్నా. ఎండాకాలం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా బయట పని చేయించకూడదని అక్కడ నిబంధన. తెల్లవారుజామునే మొదలు పెడతారు.

చౌటుప్పల్ చెట్టు
మన ఈత చెట్టు, వాళ్ల ఖర్జూరం ఒకే ఫీనిక్స్ జాతి. అక్కాచెల్లెళ్లు. మనవాళ్లు చెల్లెలి దగ్గర కల్లు తాగి అక్క దగ్గరికి పనికి పోతారు.

పాలమూరోడు
ఈ మాట రాసిపెట్టుకోవాల్సిందే.

చౌటుప్పల్ చెట్టు
అక్కా, అక్కడ చైన్ సా వాడితే ఇబ్బంది ఉంటుందా? నేను విన్నది ఖర్జూరం పీచు లోపల చుట్టుకుంటుందని.

హాలియా అక్క
ఆయన్ను అడిగి చెప్తున్నా. "పీచు చైన్ తిప్పే పళ్లచక్రం చుట్టూ జడలాగా చుట్టుకుంటుంది, గంటకోసారి పక్క మూత విప్పి లాగెయ్యాలి, ఇసుకకు చైన్ పొద్దున పెట్టింది మధ్యాహ్నానికి మొద్దుబారుతుంది" అన్నాడు. వాళ్ల దగ్గర మిషన్ ఎండిన చెట్లు పడగొట్టడానికే. ఎర్ర ముక్కు పురుగు పట్టిన చెట్టు పైకి పచ్చగానే ఉంటుందట, లోపల గుజ్జు. అట్లాంటి చెట్టు ఎక్కొద్దని ఆయనకు మొదట నేర్పిన పాఠం.

వనపర్తి టు జర్మనీ
ఇసుక ఉన్న చోట పదునైన మూలలున్న ఫుల్ చిజెల్ చైన్ కన్నా, మూల గుండ్రంగా ఉండే సెమీ చిజెల్ మేలు. కొంచెం నిదానంగా కోస్తుంది కానీ పదును ఎక్కువసేపు ఉంటుంది.

చైన్ మొద్దుబారిందో లేదో చూడ్డానికి పుస్తకాలు అక్కర్లేదు. కింద పడేది చూడండి. పెచ్చులు పడుతుంటే పదును ఉన్నట్టు. పిండి పడుతుంటే దిగి ఆకురాయి పట్టాల్సిందే. పిండి పడుతున్నా నొక్కి నొక్కి కోస్తే చైన్ తిరిగే బార్ కాలుతుంది, క్లచ్ కాలుతుంది, తర్వాత మిషన్ మంచిది కాదు అంటారు. మా దగ్గర కొత్త కుర్రాళ్లు పాడు చేసే మిషన్లన్నీ ఇట్లా పాడైనవే.

దేవరకొండ రైతు
ఆకురాయి ఎంత సైజు వాడతారు? నా దగ్గర ఊళ్లో సుబాబుల్, యూకలిప్టస్ కొట్టడానికి ఒక మిషన్ ఉంది. బజార్లో దొరికిన ఆకురాయి పెట్టి గీకుతున్నా, కోత ఒక పక్కకే వంకర పోతోంది.

వనపర్తి టు జర్మనీ
చైన్ పిచ్‌ను, అంటే లింకుల మధ్య దూరాన్ని బట్టి. చిన్న మిషన్లకు వచ్చే మూడు బై ఎనిమిది అంగుళాల "లో ప్రొఫైల్" చైన్‌కు 4.0 మిల్లీమీటర్లు, .325కు 4.8, పెద్ద మూడు బై ఎనిమిదికి 5.2. బార్ మీద పిచ్ చెక్కి ఉంటుంది. కోత వంకర పోతోందంటే ఒక పక్క పళ్లు పొట్టి, ఇంకో పక్క పొడవు అయ్యాయి. ప్రతి పంటికీ అన్నే గీతలు, ముందుకు తోసేటప్పుడే ఒత్తిడి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తాలి. లెక్క పెట్టుకుంటూ గీకు. అలాగే బార్‌ను అప్పుడప్పుడు తిరగేసి బిగించు, ఒక అంచే అరగకుండా.

అచ్చంపేట అడవి
దేవరకొండ అన్నా, చెట్లు కొట్టే పనికి ఒప్పుకునే ముందు వాల్టా చట్టం కింద అనుమతి ఉందో లేదో చూసుకో. తర్వాత మిషన్ జప్తు అయిందని ఇక్కడే పోస్టు పెడతావు.

దేవరకొండ రైతు
సొంత గట్టు మీదివే అన్నా. అయినా అడిగే కొడతా.

చౌటుప్పల్ చెట్టు
పెట్రోల్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఇప్పుడు మన బంకుల్లో 20 శాతం ఇథనాల్. అది గాల్లోంచి నీళ్లు పీల్చుకుంటుంది. మిషన్లో పోసి రెండు నెలలు మూలకు పెడితే కార్బొరేటర్‌లో పలచటి రబ్బరు పొర బిరుసెక్కి పాడవుతుంది.

సూర్యాపేట సౌత్‌హాల్
ఇక్కడ కూడా 2021 సెప్టెంబర్ నుంచి మామూలు పెట్రోల్‌లో 10 శాతం కలుపుతున్నారు. ప్రీమియం రకంలో తక్కువ. చెట్ల పని కంపెనీలు చాలా వరకు డబ్బాల్లో వచ్చే, ఇథనాల్ కలవని ఆల్కిలేట్ పెట్రోల్ కొంటాయి. ఖరీదు ఎక్కువ, కానీ ఏళ్ల తరబడి చెడదు, పొగ కూడా తక్కువ. రోజంతా ఆ పొగ పక్కనే మొహం పెట్టి పనిచేసేవాడికి అది చిన్న సంగతేం కాదు.

మిర్యాలగూడ మెకానిక్
టీవీఎస్ 50 ఉన్న ఇంట్లో పుట్టినవాడికి కలపడం నేర్పాలా? లీటరుకు 20 మిల్లీ టూటీ ఆయిల్, అంటే యాభైకి ఒకటి. అయిదు లీటర్ల క్యానుకు 100 మిల్లీ. "కొంచెం ఎక్కువ పోస్తే ఇంజిన్‌కు బలం" అని పోసేవాళ్లు ఉన్నారు. బలం కాదు, మసి. తక్కువ పోస్తే పిస్టన్ గీరుకుపోతుంది. నేను కలిపింది నెల దాటితే మిషన్లో పోయను, పొయ్యి అంటించడానికి కూడా పోయను, ఆ మాట ఎందుకంటే మా ఊళ్లో ఒకాయన పోశాడు.

పాలమూరోడు
ఆయన కనుబొమ్మలు ఉన్నాయా ఇప్పుడు?

మిర్యాలగూడ మెకానిక్
ఒకటి ఉంది.

తాడెక్కినోడు
మా నాయిన సంగతి చెప్పాలనిపించింది. నిన్న వీడియో కాల్‌లో నా సామాను చూపించమన్నాడు. జీను, రెండు తాళ్లు, కొక్కేలు. ఇక్కడ ఇప్పుడు రెండు వేర్వేరు ఆధారాలకు రెండు తాళ్లు కట్టుకుని ఎక్కాలి, ఒకటి పోయినా రెండోది పట్టుకోవాలి. ప్రతి వస్తువు మీద నంబరు ఉంటుంది, ఆరు నెలలకోసారి అర్హత ఉన్న మనిషి వచ్చి తనిఖీ చేసి రాసి పోతాడు. ఆ నిబంధనను లోలర్ అంటారు.

అంతా విని నాయిన "ఆరు నెలలకోసారా?" అన్నాడు. ఆయన రోజూ తెల్లారి చెట్టు దగ్గరికి పోకముందే మోకును వాకిట్లో పరిచి, ఒక కొస నుంచి ఇంకో కొస దాకా బొటనవేలు, చూపుడువేలు మధ్య జారుస్తాడు. కళ్లు ఎటో చూస్తుంటాయి, వేళ్లే చూస్తాయి. ఎక్కడైనా పోగు లేచినట్టు తగిలితే ఆ రోజు ఆ మోకు ఎక్కదు. మేమూ రోజూ చూసుకోవాలి, అది వేరే, కానీ సగం మంది సంతకం పెట్టి ఊరుకుంటారు. నేను మాత్రం నాయినలాగే వేళ్లతో చూస్తా. మొన్న అట్లాగే తాడు లోపలి పోగు మెత్తబడిన చోటు తగిలింది. పైన తొడుగు బాగానే ఉంది. టీమ్ లీడర్‌కు చూపిస్తే కాసేపు నమ్మలేదు, తర్వాత కోసి పక్కన పడేశాడు.

చౌటుప్పల్ చెట్టు
మీ నాయిన, గీత కార్మికులకు సర్కారు ఇచ్చే కాటమయ్య రక్షణ కిట్టు తీసుకున్నాడా?

తాడెక్కినోడు
తీసుకున్నాడు, 2024లో ఇచ్చినప్పుడు కాదు, తర్వాత శిక్షణ అయ్యాక. మొదట "ఇవన్నీ కట్టుకునేలోపు రెండు తాళ్లు గీస్తా" అని పక్కన పెట్టాడు. పక్క ఊళ్లో ఒకాయన పడి నడుము పోయాక కట్టుకుంటున్నాడు. మోకు మాత్రం వదల్లేదు, రెండూ వేసుకుంటాడు. ఇంగ్లండ్ వాళ్ల రెండు తాళ్ల పద్ధతి తనదే అంటున్నాడు.

వనపర్తి టు జర్మనీ
అక్కడ యాష్ చెట్ల జబ్బు చాలా ఉందటగా? మా దగ్గర కూడా ఉంది. ఆ చెట్లు ఎక్కుతున్నారా?

తాడెక్కినోడు
ఎక్కం అన్నా. ఆ శిలీంధ్రం ఇక్కడ 2012లో బయటపడింది. ఇప్పుడు రోడ్ల పక్కన ఎక్కడ చూసినా పైకొమ్మలు ఎండిన యాష్ చెట్లే. కొమ్మ అప్పడంలా పుటుక్కుమని విరుగుతుంది, వంగదు, ముందు చప్పుడూ చేయదు. వాటికి బుట్ట ఉన్న క్రేన్ తెస్తాం. మామూలు చెట్టు మీద నిలబడితే కాలికింద చిన్నగా ఊగుతుంది, ప్రాణం ఉన్నట్టు. వీటి మీద ఆ ఊపు ఉండదు. తాళ్లు గీసినవాడికి ఆ తేడా అరికాలికి తెలుస్తుంది.

గూళ్ల కాలం ఇంకో తలనొప్పి. పక్షి గూడు వాడుకలో ఉంటే ముట్టకూడదు, 1981 చట్టం. ఒకసారి చెట్టు సగం దింపాక పావురం గూడు కనిపించింది, అంతే, సామాను సర్దుకుని ఇంటికి.

వనపర్తి టు జర్మనీ
మా దగ్గర మార్చి 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా పెద్ద కోతల మీద ఆంక్షలే. చలికాలం అంతా ఊపిరి సలపని పని, ఎండాకాలం మిషన్లు విప్పి శుభ్రం చేసుకోవడం. అందుకే నాకు విప్పడం అలవాటైంది. ఇక్కడ తాడు మీద ఎక్కడానికే అయిదు రోజుల కోర్సు ఎస్‌కేటీ-ఎ, చెట్టు మీద మిషన్ పట్టాలంటే మళ్లీ ఎస్‌కేటీ-బి. అంతా జర్మన్‌లో. చెట్టు ఎక్కడం కంటే ఆ భాష ఎక్కడం కష్టమైంది.

తాడెక్కినోడు
సోమవారం రిపోర్టు.

ట్యాంకు కావాలనే నిండా పోశాను. పద్దెనిమిదో నిమిషంలో మూలిగి ఆగింది. దిగాను. చెవి మఫ్ తీసి మూత పావు తిప్పు తిప్పానో లేదో, సుయ్య్ మని పాము బుసకొట్టినట్టు గాలి లోపలికి పీల్చింది. మూత బిగించి గుంజితే ఒక్క గుంజుకే అందుకుంది! చల్లారడానికి అర నిమిషం కూడా ఇవ్వలేదు. మెకానిక్ అన్నా, నీ కాళ్లకు దండం.

మధ్యాహ్నం విప్పాను. వెంట్ అంటే వేలి కొనంత ప్లాస్టిక్ ముక్క, ట్యాంకు పైభాగంలో పిడి కింద దాక్కుని ఉంది. చైన్ ఆయిల్, రంపపు పొట్టు కలిసి నల్లటి మైనంలా దాని మూతిని మూసేశాయి. పైన వేలు పెట్టి తుడిస్తే పోయే రకం కాదు, టూత్‌బ్రష్ పెట్టాల్సి వచ్చింది. కొత్త ముక్క నాలుగైదు పౌండ్లు. అది వేసేదాకా దీన్నే శుభ్రం చేసి పెట్టా.

స్పార్క్‌ప్లగ్
ఒక్కరోజు నడిస్తే సరిపోదు. కాయిల్ మీద నా అనుమానం అలాగే ఉంది.

మిర్యాలగూడ మెకానిక్
ఉండనీ. అనుమానానికి పెట్రోల్ అవసరం లేదు.

సూర్యాపేట సౌత్‌హాల్
టీమ్ లీడర్ ఏమన్నాడు?

తాడెక్కినోడు
ఆ ముక్కను అరచేతిలో పెట్టి చూపించా. చాలాసేపు చూసి "ఇండియాలో మెకానిక్‌వా?" అన్నాడు. కాదు, ఇండియాలో నాకో మెకానిక్ ఉన్నాడని చెప్పా. సాయంత్రం షెడ్డులో మూలకు పడేసిన ఇంకో రెండు మిషన్లు తెచ్చి నా ముందు పెట్టాడు. ప్యాంటు డబ్బుల సంగతి అదే ఊపులో అడిగేశా. ఓనరుతో మాట్లాడతానన్నాడు.

కల్వకుర్తి కంది
ఇచ్చేదాకా నమ్మకు.

హాలియా అక్క
తమ్ముడి సంగతి తేల్చావా?

తాడెక్కినోడు
ఇ-మైగ్రేట్‌లో వెతికాం అక్కా. ఆ ఏజెంటు పేరు లేదు. అడ్వాన్స్ పదివేలు ఇచ్చేశాడట మావాడు, నాకు చెప్పకుండా. వాపసు తెచ్చుకోవడానికి నాయిన పోయాడు.

తాడెక్కినోడు
రెండు వారాల తర్వాత. కొత్త వెంట్ వేశాను, ఒక్కసారి కూడా ఆగలేదు. ప్యాంటు డబ్బులు ఈ నెల జీతంలో వచ్చాయి. ఏజెంటు ఏడువేలు తిరిగిచ్చాడు, మూడు మింగాడు. తమ్ముడు టామ్‌కామ్‌లో పేరు ఇచ్చి, ఓపెన్ స్కూల్‌లో పదికి కట్టాడు.

స్పార్క్‌ప్లగ్
సరే, వెంటే. ఒప్పుకున్నా. కానీ కాయిల్ కూడా ఒకరోజు పోతుంది, రాసిపెట్టుకో.

దేవరకొండ రైతు
ఇదంతా చదివి నాకో అనుమానం వచ్చింది. మా పెట్రోల్ తైవాన్ పంపు చేనుకు మందు కొట్టేటప్పుడు సగం చేనుకే ఆగిపోతుంది. రెండేళ్లుగా చెట్టు నీడన పెట్టి చల్లార్చి వాడుతున్నా. పొద్దున ఆగినప్పుడు మూత తిప్పా.

మిర్యాలగూడ మెకానిక్
సుయ్ అందా?

దేవరకొండ రైతు
అంది.